రెండు వందల మీటర్ల ఇంగ్లీషు

విదేశీ పత్రికలవాళ్ళు పంపిన వాక్యం చూడటానికి చిన్నదే. 'దయచేసి ఈ వ్యాసాన్ని ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చేత ఒకసారి చదివించండి.' అంతే. తిట్టు కాదు, శాపం అసలే కాదు. ఒకరి వ్యాసం ఇట్లా తిరిగొస్తే రాసినవాడు నాలుగు రోజులు తలొంచుకు తిరిగి ఊరుకుంటాడు. కానీ ఏడాది పొడుగునా వెళ్ళిన ప్రతి వ్యాసమూ ఇదే వాక్యాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగొస్తే? మెట్టపంటల విశ్వవిద్యాలయం పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది.

ఈ విశ్వవిద్యాలయం ఎక్కడుందో మ్యాపులో వెతక్కండి. గుంతకల్లులో బస్సెక్కి, కండక్టరు "ఇంగ ముందర రాళ్ళే ఉండాయి, దిగండప్పా" అన్నచోట దిగితే, ఎదురుగా కనిపించే గేటే దానిది. గేటు బయట మాబున్ని టీ బంకు. గేటు లోపల వేరుశనగ, జొన్న, ఉలవ, వాటిమీద పరిశోధన చేసే పెద్దలు.

రిజిస్ట్రారు పరాంకుశం గారు అంతకు ముందు విత్తన శాస్త్ర శాఖకు అధిపతి. ఆయన తెలుగు మాట్లాడగా విన్నవాళ్ళు క్యాంపస్‌లో లేరు. తుమ్మినా ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకునేవారు. ఇంట్లో కుక్కతో ఇంగ్లీషు, కూరగాయలవాడితో ఇంగ్లీషు. కాబట్టి ఆయన రిజిస్ట్రారు హోదాలో అన్న మాటలన్నీ ఇంగ్లీషులో అన్నవే, మనం తెలుగు చేసుకుంటున్నాం, అంతే.

"చదివించమన్నారు, చదివిద్దాం," అన్నారాయన సమావేశంలో. "ఇకపై ఈ ప్రాంగణం నుండి వెలువడు ప్రతి ఆంగ్ల పత్రమూ, అది పరిశోధనా వ్యాసమైనను, సెలవు చీటీయైనను, ఆంగ్ల మాతృభాషీయ ధ్రువీకరణాధికారి ముద్ర లేనిదే గడప దాటరాదు."

"అటువంటి మనిషిని ఎక్కణ్ణుంచి తెద్దాం?" అన్నారు ఉపకులపతి గారు.

"ప్రకటన ఇద్దాం."

ఇచ్చారు. ఆ ప్రకటన గుంతకల్లు రైల్వే స్టేషను బెంచీ మీద కూర్చున్న క్లారెన్స్ రొజారియో కంటబడింది.

క్లారెన్స్ ఆంగ్లో ఇండియన్. రైలింజను డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ తాత కూడా డ్రైవరే. ఇంట్లో అమ్మ మాట్లాడింది ఇంగ్లీషు, ఇంజన్లో ఫైర్‌మన్ హుసేనప్ప మాట్లాడింది తెలుగు. అందుకని ఆయనకు ఇంగ్లీషు ఇంటి భాష, తెలుగు ఇంజను భాష. రెంట్లోనూ సమానంగా నవ్వగలడు, సమానంగా తిట్టగలడు. భార్య మావిస్ పోయింది. హుసేనప్పా పోయాడు. మిగిలింది స్టేషను బెంచీ, ఆగీ ఆగకముందే కదిలిపోయే రైళ్ళు. మాట్లాడే మనిషి లేక ఆయన నోరు ఎండిపోతోంది.

ప్రకటనలో జీతం సంగతి ఆయన సరిగా చూడనైనా లేదు. చివరి పంక్తి ఆయన్ను పట్టేసింది: 'ఎంపికైన అభ్యర్థి ప్రతిదినము రచయితలతో సంభాషించవలసియుండును.'

"రోజూనా!" అనుకున్నాడు క్లారెన్స్. వెంటనే దరఖాస్తు పెట్టాడు. పోటీకి ఇంకెవరూ రాలేదు.

ఇంటర్వ్యూలో ఉపకులపతి గారు కళ్ళజోడు సవరించుకుని ముఖ్యమైన ప్రశ్న అడిగారు. "మీరు కలలు ఏ భాషలో కంటారు?"

"నిద్ర సరిగా పట్టదండీ, భార్య పోయినప్పటినుంచీ," అన్నాడు క్లారెన్స్ ఇంగ్లీషులో, ఉన్నమాట ఉన్నట్టు.

ఆ యాస విని ఎంపిక సంఘం పరవశించింది. కలల విషయం తేలలేదు గానీ ఉచ్చారణ నిస్సందేహం అని రాసుకుని ఉద్యోగమిచ్చారు.

మొదటి రోజు మొదటి వ్యాసం డాక్టర్ ఓబుళలక్ష్మిది. సన్నటి మనిషి, చిన్న గొంతు, వేరుశనగ తెగుళ్ళ మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసరు. వ్యాసం రెండుసార్లు తిరిగొచ్చింది. ఇంకోసారి తిరిగొస్తే ఉద్యోగం ఖాయం కావడం ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. చేతులు కట్టుకుని నిలబడింది.

క్లారెన్స్ చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం ఎక్కడ మొదలైందో తెలుస్తోంది గానీ ఎక్కడ ఆగుతుందో తెలియడంలేదు. అవరోధ సస్య స్థాపన అట, వాహక కీటక సంచార నిరోధమట, ప్రాదేశిక ప్రాబల్యమట. పేజీ తిప్పినా అదే వాక్యం నడుస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందమ్మా ఇది? నాకు ఒక్క ముక్క అర్థం గాలేదు."

ఆవిడ ఉలిక్కిపడింది. "సార్, మీకు తెలుగొచ్చా?"

"ఎందుకు రాదు? తెలుగు లేకుంటే బొగ్గు ఎవురు వేస్తారు ఇంజన్లోకి? అది అట్లుండనీ. నువ్వు ఏం కనిపెట్టినావో నాకు నోటితో చెప్పు తల్లీ."

ఓబుళలక్ష్మి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "వేరుశనగ చేను సుట్టూ నాలుగు సాళ్ళు జొన్న ఎయ్యాల సార్. తామరపురుగు గాల్లో కొట్టుకొనొచ్చి జొన్న మీదే వాల్తుంది. లోపల శనిక్కాయకి తెగులు తగ్గుతాది. అంతే."

"అంతేనా! ఇది నాకు శానా బాగా తెలిసింది. ఇట్లనే రాయొచ్చు గదమ్మా?"

"ఇట్ల రాస్తే ఇంగ పీహెచ్‌డీ ఎందుకు సార్?" అంది ఆవిడ నిజంగానే.

క్లారెన్స్ నవ్వాపుకోలేకపోయాడు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని మాబున్ని బంకు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. రైలింజన్లో ఒక పద్ధతుంది. సిగ్నలు కనబడగానే ఒకడు పైకి చెప్పాలి, రెండోవాడు అదే మాట తిరిగి చెప్పాలి. "హోమ్ సిగ్నల్ పచ్చ!" అంటే "పచ్చ!" అనాలి. కళ్ళతో చూసినా సరే, నోటితో చెప్పనిది చూడనట్టే. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి కదులుతుంది. ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. అదే పెట్టాడు. ఆవిడ ఒక మాట తెలుగులో చెప్పడం, ఆయన దాన్ని ఇంగ్లీషులో తిరిగి చెప్పడం, ఆవిడ "కాదు సార్, జొన్నకి జబ్బు రాదు, పురుగు మాత్రం ఆగుతాది" అనడం, ఆయన మళ్ళీ చెప్పడం. "పచ్చా?" "పచ్చే సార్!" అప్పుడు కాగితం మీద పెట్టడం. సాయంత్రానికి వ్యాసం సగమై, సగానికి సగం బాగుపడింది.

మాబున్ని గ్లాసులు కడుగుతూ అంతా విని, "ఓస్, జొన్న ఎయ్యమనడానికా ఇంత చదువు?" అంది. ఓబుళలక్ష్మి కూడా నవ్వేసింది. ఎన్నాళ్ళకో ఒక బెంచీ మీద ముగ్గురు మనుషులు నవ్వుతున్నారు, అందులో తానూ ఒకడు. క్లారెన్స్‌కి కడుపు నిండినట్టయింది.

ఆ వ్యాసాన్ని పత్రికవాళ్ళు తీసుకున్నారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇంకేముంది, బెంచీ చాల్లేదు. ఉలవల ఆచార్యుడు వచ్చాడు, గొర్రెల ఆచార్యుడు వచ్చాడు, ఆముదం మీద ఇరవయ్యేళ్ళుగా ఒకే వ్యాసం రాస్తున్న పెద్దాయనా వచ్చాడు. క్లారెన్స్ అందరినీ ఒకటే అడిగేవాడు: "ఏం కనిపెట్టినావప్పా? నోటితో చెప్పు." కొందరు చెప్పబోయి, తామేమీ కనిపెట్టలేదని మధ్యలో గ్రహించి, టీ తాగి వెళ్ళిపోయేవారు. మిగతావాళ్ళ వ్యాసాలు వరసగా అచ్చయ్యాయి. పొద్దున బెంచీ మీద కూర్చుంటే పొద్దుగూకేదాకా మాటే మాట. క్లారెన్స్‌కి రాత్రిళ్ళు నిద్ర కూడా పడుతోంది.

మన దేశంలో ఒక పని చెడిపోతే ఎవరూ పట్టించుకోరు గానీ, బాగుపడితే మాత్రం ఎందుకు బాగుపడిందో తేల్చడానికి సంఘం వేస్తారు. విజయ కారణాన్వేషణ సంఘానికి పరాంకుశం గారే అధ్యక్షులు. ఆయన బంకు దగ్గరికి వెళ్ళలేదు, ఎవరినీ అడగలేదు. గదిలో కూర్చుని కారణం కనుక్కున్నారు.

"రొజారియో గారి ఆంగ్లము కల్తీ లేనిది. ఆ స్వచ్ఛతయే విజయానికి ఏకైక హేతువు," అని ప్రకటించి గొంతు మార్చారు. "అయితే ఘోర ప్రమాదము పొంచియున్నది. ఆయన దినమంతయు తెలుగు వారి మధ్య తెలుగు మాటలాడుచున్నారని తెలియవచ్చినది."

సభ్యులు గుండెలు పట్టుకున్నారు. అందరూ వ్యవసాయ శాస్త్రవేత్తలే, ప్రమాదం ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. మంచి కంది విత్తనం పండించాలంటే ఆ మడికి చుట్టూ వేరే రకం కంది ఉండకూడదు. ఉంటే ఆ పుప్పొడి వచ్చి ఈ పువ్వు మీద పడి రకం చెడుతుంది. దీన్నే వాళ్ళు వేర్పాటు దూరం అంటారు. 

"రొజారియో గారు మన బ్రీడరు విత్తనము, అనగా తక్కిన విత్తనములన్నిటికి తల్లి," అన్నారు పరాంకుశం గారు. "రెండు వందల మీటర్ల వేర్పాటు దూరము తక్షణమే పాటించవలెను."

మర్నాడు పొద్దున క్లారెన్స్ బంకుకు బయల్దేరబోతే గుమ్మంలో ఇద్దరు గార్డులు నిలబడి ఉన్నారు. ఆయన్ను సామానుతో సహా విత్తన క్షేత్రం నడిమధ్యనున్న అతిథి గృహానికి తరలించారు. దాని చుట్టూ రెండు వందల మీటర్ల దూరాన తాడు కట్టి, తాడుకు జెండాలు కట్టారు. ఒక బోర్డు పెట్టారు: 'ఈ హద్దు లోపల తెలుగు మాట్లాడరాదు.' బోర్డు తెలుగులో ఉందని ఎవరో గుర్తించి, మధ్యాహ్నానికల్లా దాన్ని పెరికేసి ఇంగ్లీషు బోర్డు పాతారు. అప్పట్నుంచి దాన్ని చదవలేని గొర్రెల కాపరులు రోజూ దొరికిపోసాగారు.

బ్రీడరు విత్తనం సంచికి పసుపు రంగు చీటీ కడతారు. క్లారెన్స్ మెడలో పసుపు చీటీ వేలాడింది. ఇదివరకు ఆయనతో మాట్లాడిన ఆచార్యులు మూల విత్తనం కింద లెక్క, వాళ్ళకు తెల్ల చీటీ. ఆ ఆచార్యుల దగ్గర చదువుకునేవాళ్ళు ధ్రువీకరణ విత్తనం, వాళ్ళకు నీలం. తెల్ల చీటీ దొరికిన ఉలవల ఆచార్యుడు దాన్ని పెళ్ళిళ్ళకు కూడా వేసుకెళ్ళేవాడు.

వ్యాసాలు కిటికీలోంచి ట్రేలో వచ్చేవి. క్లారెన్స్ చదివేవాడు, అర్థమయ్యేది కాదు. అడుగుదామంటే రాసినవాడు తాడు అవతల. ఏదో ఇక్కడొక మాట అక్కడొక మాట దిద్ది ముద్ర వేసి పంపేవాడు. రేడియో తీసేశారు. గార్డులకు ఇంగ్లీషు రాదు కనుక వాళ్ళు నోరు విప్పడం నిషేధం. పొద్దున మాబున్ని టీ తెచ్చేది. మాట్లాడకూడదని ఆమెకు గట్టిగా చెప్పారు. మొదటిరోజు ఫ్లాస్కు కింద పెట్టి, పెదాలు బిగించుకుని, చేత్తో 'ఎట్లుండావు?' అన్నట్టు సైగ చేసింది. క్లారెన్స్ బదులు సైగ చేయబోతే చెయ్యి లేవలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాబున్ని అది చూసి చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళింది. గార్డు కూడా పక్కకు తిరిగాడు.

క్లారెన్స్ రాజీనామా రాశాడు. అది తిరిగొచ్చింది. 'ఆంగ్ల పత్రము గనుక ధ్రువీకరణ ముద్ర తప్పనిసరి. ఏ వ్యక్తియు స్వీయ రచనను తానే ధ్రువీకరించుకొనరాదు. కావున ఇతర మాతృభాషీయుని ముద్రతో సమర్పించవలెను.' ఇతర మాతృభాషీయుడు లేడు. తాడు దాటి నడిచి వెళ్ళిపోవచ్చు కదా అంటారేమో. వెళ్ళొచ్చు. కానీ సర్వీసంతా సిగ్నలు పడకుండా బండి కదిలించి ఎరగని మనిషి ఆయన. ఆ తాడు ఆయనకు ఎర్ర సిగ్నలే.

ఓబుళలక్ష్మి ఊరుకోలేదు. ఆవిడ రెండో వ్యాసం సిద్ధమైంది. ఒకరోజు ఊళ్ళో ఉల్లిగడ్డలు అమ్మే ఆటోను మాట్లాడుకుని తాడు అవతల నిలబెట్టింది. మైకులో వ్యాసం ఇంగ్లీషులో చదవసాగింది. ఇంగ్లీషు గనుక గార్డులు ఏమనాలో తెలియక నిలబడ్డారు. అతిథి గృహం వరండాలోకి క్లారెన్స్ పరుగెత్తుకొచ్చాడు, చేతిలో తన పాత రైల్వే జెండాలు. మొదటి వాక్యం పూర్తయింది. ఆయన ఎర్రజెండా ఊపాడు. ఆవిడ మార్చి చదివింది. మళ్ళీ ఎర్రజెండా. మళ్ళీ మార్చింది. ఎర్రజెండా. చుట్టుపక్కల ఆడవాళ్ళు సంచులు పట్టుకుని ఉల్లిగడ్డలకు వచ్చి నిలబడ్డారు.

ఆవిడకు విసుగొచ్చింది. మైకు నోటికి ఆనించి అరిచింది: "అది కాదు సార్! శనిక్కాయ మొలిసేసరికే జొన్న ఎత్తుగా వొచ్చుండాల! వారం ముందే జొన్న ఎయ్యాల!"

వరండాలో పచ్చజెండా రెపరెపలాడింది. క్లారెన్స్ దాన్ని ఒక్కసారి ఊపి ఆపలేదు. తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో, వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి ఊపుకుంటూ తిరిగాడు. గార్డులు ఆటో మీద పడ్డారు. ఉల్లిగడ్డలు ఎంతకని అడుగుతున్న ఆడవాళ్ళు గార్డుల మీద పడ్డారు.

"గాలి ద్వారా పరపరాగ సంపర్కము జరిగినది!" అన్నారు పరాంకుశం గారు సంఘంలో, లేచి నిలబడి. మైకులో తెలుగు ఎంత దూరం వెళుతుందో కొలవడానికి ఉపసంఘం పడింది.

ఈలోగా మరో పిడుగు. వ్యాసాలు మళ్ళీ తిరిగి రాసాగాయి. అదే చిన్న వాక్యం, అదే మర్యాద. ముద్ర ఉంది, పసుపు చీటీ ఉంది, వేర్పాటు దూరం ఉంది, అయినా తిరిగొస్తున్నాయి. బంకు బెంచీ మీద జరిగే పని ఆగిపోయింది గనుక అని మాబున్నికి కూడా తెలుసు. సంఘానికి మాత్రం విత్తనం చెడిందనే తోచింది.

"స్వచ్ఛతా పరీక్ష చేయవలసినదే," అన్నారు పరాంకుశం గారు. "నమూనాలో తేడా మొక్క, అనగా కేళీ అని తేలినచో, పీకివేయవలసినదే."

పరీక్ష ఎట్లా చేయాలో ఉపకులపతి గారు చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చెప్పిందట, మనిషి ఏ భాషవాడో తెలుసుకోవాలంటే వాడు చూడకుండా దెబ్బ వేసి, ఏ భాషలో అరుస్తాడో వినాలని. శాస్త్రీయంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. 'ఆకస్మిక వేదనాజనిత స్వాభావిక వాగ్వెల్లువ పరీక్ష' అని పేరు పెట్టారు. ఐదు కిలోల తూకపు రాయి క్లారెన్స్ కాలి వేళ్ళ మీద వదలాలి. మానవీయ కోణం మరువకూడదని వైద్యుణ్ణి పక్కన ఉంచాలన్నారు. క్యాంపస్‌లో ఉన్నది పశువైద్యుడే, ఆయన్నే పిలిచారు. విషయం అభ్యర్థికి ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియరాదని ఉత్తర్వు వెలువడింది.

ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు పత్రమేదీ క్లారెన్స్ ముద్ర లేనిదే గడప దాటరాదు. కనుక అది ఆయన ట్రేలోకే వచ్చింది.

క్లారెన్స్ చదివాడు. అన్నాళ్ళలో ఆయనకు పూర్తిగా అర్థమైన పత్రం అదొక్కటే. 'అభ్యర్థికి తెలియరాదు' అన్న వాక్యం కింద వేలు పెట్టి, రెండుసార్లు చదివి, దిద్దడానికేమీ లేక ముద్ర వేసి పంపించాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. ఇంగ్లీషులో అరిస్తే రకం స్వచ్ఛం. ఈ తాడు లోపలే ఉండాలి, ఆ సైగల టీ తాగుతూ. తెలుగులో అరిస్తే కేళీ. పీకి అవతల పారేస్తారు. అవతల మాబున్ని బంకు ఉంది, బెంచీ ఉంది, మాట ఉంది. ఇందులో ఆలోచించడానికేముంది? కాలు పోతే పోయింది గానీ 'యమ్మా' అని గట్టిగా అరవాలి అని నిశ్చయించుకున్నాడు. ఎవరూ లేనప్పుడు పెదాలతో, శబ్దం రాకుండా, రెండుసార్లు అభ్యాసం కూడా చేశాడు.

పరీక్ష రోజు సంఘమంతా అతిథి గృహానికి వచ్చింది. కుశల ప్రశ్నలకు వచ్చినట్టు నవ్వు మొహాలు. పశువైద్యుడు పెద్ద సంచీతో వచ్చి, గిట్టలకు రాసే మందు తప్ప ఇంకేం తేలేదని గొణిగాడు. పరాంకుశం గారు రాయిని ఒక ఫైలు కింద దాచి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. చెమటకు చేతులు తడిశాయి. పాపం, జీవితంలో ఫైళ్ళు తప్ప బరువులెత్తిన మనిషి కాదు.

"రొజారియో గారూ, ఇవాళ వాతావరణము..." అంటూ ఒక అడుగు ముందుకు వేశారు.

క్లారెన్స్ కుడికాలు ముందుకు చాపాడు. ఆయన వీలుగా చాపడం చూసి పరాంకుశం గారు తడబడ్డారు. ఫైలు ఒకవైపు జారింది, రాయి ఇంకోవైపు జారింది. సరిగ్గా పరాంకుశం గారి కాలి బొటనవేలి మీద పడింది.

"ఓ మై గాడ్! డామిట్! ఓ, మై ఫుట్!"

గది దద్దరిల్లింది. క్లారెన్స్ ఒక్క ఉదుటున కిందకి వంగి రాయి తీసి అవతల పారేసి, ఆయన పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అయ్యయ్యో సామీ! దెబ్బ గట్టిగా తగిలిందా? ఎవురన్నా నీళ్ళు తెండప్పా! కూసో సామీ, ఈడ కూసో, కాలు కిందపెట్టాకు!"

తనేం మాట్లాడాడో క్లారెన్స్‌కు అప్పుడు తెలియదు. అభ్యాసం చేసిన 'యమ్మా' ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ఆయన పాదం మీద ఊదుతూనే ఉన్నాడు.

సంఘం మాత్రం రాసుకుంటోంది. పరీక్షలో ఎవరి కాలు మీద రాయి పడాలో ఉత్తర్వులో ఉంది గానీ, పడనివారి ఫలితాన్ని లెక్కించరాదని ఎక్కడా లేదు. ఉపకులపతి గారు లేచి, గొంతు సవరించుకుని ఫలితం చదివారు. క్లారెన్స్ రొజారియో: ఆకస్మికముగా తెలుగు, అదియును ధారాళముగా. కేళీ. ఏరివేయవలెను. ఆచార్య పరాంకుశం: మూడు ఉద్గారములు, మూడును ఆంగ్లములోనే. స్వచ్ఛత నూటికి నూరు.

"అనగా..." అన్నారు పరాంకుశం గారు, నొప్పిలోనే అనుమానం వచ్చి.

"అనగా, మీరు పెట్టిన నియమమే కదా," అన్నారు ఉపకులపతి గారు వినయంగా. పసుపు చీటీ క్లారెన్స్ మెడలోంచి తీసి పరాంకుశం గారి మెడలో వేశారు. పశువైద్యుడు కాలికి గిట్టల మందు రాశాడు. ఆయన్నొక్కర్నే లోపల వదిలి అందరూ ఒక్కొక్కరే తాడు దాటి వెళ్ళిపోయారు.

క్లారెన్స్ బంకు దగ్గరికి వచ్చేసరికి మాబున్ని గ్లాసు చేతిలో అట్లాగే నిలబడిపోయింది. తర్వాత నోరు తెరిచింది. ఇన్నాళ్ళు సైగలతో దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది. గార్డుల్ని తిట్టింది, రిజిస్ట్రార్ని తిట్టింది, ఇంత చిక్కిపోయినావేందని క్లారెన్స్‌నీ తిట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, పాట విన్నట్టు, మొత్తం విన్నాడు. 

"ఇంగోసారి తిట్టు మాబున్నీ," అన్నాడు.

సాయంత్రానికి ఓబుళలక్ష్మి వచ్చింది. వెనకాలే ఉలవల ఆచార్యుడు, తెల్ల చీటీ జేబులో దాచుకుని. బెంచీ నిండింది. బెంచీ మీద వ్యాసం బాగుపడటం, తాడు లోపల ముద్ర పడటం, పత్రికవాళ్ళు వేసుకోవడం మళ్ళీ మామూలైంది. అచ్చయిన ప్రతి వ్యాసానికీ పరాంకుశం గారి స్వచ్ఛతే కారణమని సంఘం ఆయన వేర్పాటు దూరాన్ని మూడు వందల మీటర్లకు పెంచింది.

ఒకరోజు పొద్దు వాలే వేళ. క్లారెన్స్ గొర్రెల ఆచార్యుణ్ణి సాగనంపి గ్లాసు అందుకోబోతుంటే, గేటు పక్కనున్న జొన్నచేలో ఆకులు కదిలాయి. కుంటుకుంటూ ఒక మనిషి బయటికొచ్చాడు. మాసిన కోటు, మెడలో పసుపు చీటీ. గార్డు చూశాడు. చూసి, తనకు పని ఉన్నట్టు అటు తిరిగి చెట్లు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

పరాంకుశం గారు బెంచీ చివర కూర్చున్నారు. మొన్న ఆయన భార్య చూడటానికొస్తే, ఆమె ఇంగ్లీషు ప్రమాణానికి తగినట్టు లేదని తాడు దగ్గరే వెనక్కి పంపారని ఊరంతా తెలుసు. రాజీనామా కూడా పెట్టారట. అది ఇతర మాతృభాషీయుని ముద్ర కోసం తిరిగొచ్చిందట. క్లారెన్స్ జరిగి చోటిచ్చాడు.

పరాంకుశం గారి పెదాలు కదిలాయి, ఆగాయి. ఎప్పుడో అమ్మ దగ్గర వదిలేసి వచ్చిన మాటలు, ఎక్కడున్నాయో వెతుక్కోవాలి కదా.

"చెప్పు సామీ," అన్నాడు క్లారెన్స్ మెల్లగా. "నోటితో చెప్పు."

"కాలు..." అన్నారు పరాంకుశం గారు. "కాలు ఇంగా నొప్పి తీస్తానే ఉండాదప్పా."

మాబున్ని చేతిలో గరిటె ఆగింది. క్లారెన్స్ ఆయన మొహంలోకి చూసి, ఇంజన్లో హుసేనప్పకు చెప్పినట్టే, ఆ మాటను అదే మాటగా తిరిగి చెప్పాడు.

"కాలు ఇంగా నొప్పి తీస్తానే ఉండాది."

"ఊఁ," అన్నారు పరాంకుశం గారు. కళ్ళ నీళ్ళు జారి పసుపు చీటీ మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

"టీలో చక్కెర ఏద్దునా సామీ?" అని అడిగింది మాబున్ని.

"ఎయ్యమ్మా," అన్నారాయన.